నలుగురూ మెచ్చిన నిరుద్యోగి

మాదాపూర్‌లో ఉద్యోగ వియోగ సాంత్వన కేంద్రం ప్రారంభమైన సంగతి పాఠకులకు తెలియకపోవచ్చు. అందులో పాఠకుల తప్పేమీ లేదు. ఆ కేంద్రానికి బోర్డు లేదు. ఉద్యోగం పోయినవాళ్లు బోర్డు కింద నిలబడితే నలుగురూ చూస్తారనీ, వారి పరువు దృష్ట్యా బోర్డు పెట్టరాదనీ కమిటీ తీర్మానించింది. అదే దృష్టితో చిరునామా కూడా ఎక్కడా ప్రకటించలేదు. నిజంగా అవసరమున్నవాడు వెతుక్కుంటూ వస్తాడు. వెతుకులాట వల్ల కాళ్లకు వ్యాయామం, మనసుకు కాలక్షేపం. ఖాళీగా ఉన్న మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

ప్రారంభోత్సవం మాత్రం ఘనంగా జరిగింది. మాన్య అధ్యక్షులవారు రిబ్బను కత్తిరించి, మైకును రెండుసార్లు తట్టి ఇలా సెలవిచ్చారు: "సోదర సోదరీమణులారా! ఉద్యోగం పోవడమనేది అందరికీ దక్కే భాగ్యం కాదు. ఉన్నవాడికే పోతుంది! ఒకప్పుడు మన పిల్లలకు ఉద్యోగాలే లేవు. ఇవాళ పోగొట్టుకునే స్థాయికి ఎదిగారు. ఇది ప్రగతి కాదా అని నేను సూటిగా అడుగుతున్నాను!" చప్పట్లు మారుమోగాయి. కొట్టినవాళ్లంతా కేంద్రం సిబ్బంది, వాళ్ల బంధువులు. ఉద్యోగం పోయినవాళ్లెవరూ సభకు రాలేదు. వారికి ఆహ్వానాలు పంపకపోలేదు. అందరికీ వాళ్ల వాళ్ల ఆఫీసు ఈమెయిలుకే పంపారు.

ఆ కేంద్రాన్ని చివరికి కనిపెట్టిన మొదటి మనిషి వినయ్. ఊరు జమ్మలమడుగు. మణికొండలో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో కిరాయికి ఉంటున్న బ్రహ్మచారి. నిన్నమొన్నటి దాకా సాఫ్ట్‌వేరు ఇంజనీరు. ఒక శుక్రవారం కంపెనీవారు అతడిని మీటింగు గదిలోకి పిలిచి, కేకు కోయించి, చేతిలో ఒక ఉత్తరం పెట్టారు. అందులో "మీ రెక్కలకు ఈ క్షణం నుంచీ ఆకాశాన్ని కానుకగా ఇస్తున్నాము" అని ఉంది. వినయ్ దాన్ని ప్రమోషన్ అనుకుని అందరికీ థాంక్స్ చెప్పాడు. లిఫ్టు దగ్గర సెక్యూరిటీవారు మెడలో ట్యాగు తీసుకున్నప్పుడు గానీ ఆ ఆకాశం ఎటువైపుందో అర్థం కాలేదు.

సాంత్వన కేంద్రం పథకం వినడానికి చల్లగా ఉంటుంది. ఉద్యోగం పోయినవాడికి ఆరు నెలలపాటు సగం జీతం భృతిగా ఇస్తారు. అది చేతికొస్తే మణికొండలోనే ఉండి, ఇంకో ఉద్యోగం వెతుక్కోవచ్చు. రాకపోతే గది ఖాళీ చేసి, జమ్మలమడుగు బస్సెక్కి, నాన్న ఓబులేసు ఎరువుల దుకాణంలో యూరియా బస్తాల మధ్య కూర్చోవాలి. బస్తాలంటే వినయ్‌కు ద్వేషం లేదు గానీ, దుమ్మంటే తుమ్ములు. కాబట్టి అతడికి కావలసింది ఒక్కటే. తనకు ఉద్యోగం లేదని లోకంలో ఎవరో ఒకరు అధికారికంగా ఒప్పుకోవాలి.

కేంద్రంలో విచారణాధికారి శ్రీనివాసరావు గారు అతడి ఉత్తరాన్ని ముందుకు తిప్పి, వెనక్కి తిప్పి, వెలుతురుకు పెట్టి చూశారు. కోనసీమ నుంచి వచ్చి, ఇరవయ్యేళ్లుగా ప్రభుత్వంలో తాత్కాలిక ఉద్యోగిగా శాశ్వతంగా పనిచేస్తున్న నిజాయితీపరుడాయన. ఎండైనా వానైనా చంకలో నల్ల గొడుగు ఉంటుంది.

"ఇందులో ఉద్యోగం తీసేశామని ఎక్కడుందండి? రెక్కలున్నాయి, ఆకాశముంది. ఉద్యోగం ప్రస్తావనే లేదు," అన్నారు.

"సార్, పోయిందని నేనే చెబుతున్నాను కదా."

"మీరు చెబితే ఎలా సరిపోతుంది బాబూ? దొంగ వచ్చి నేను దొంగనంటే ఊరుకుంటామా? ఇరుగుపొరుగు చెప్పాలి. రహస్య విచారణ ఉంటుందండి. నేను మామూలు మనిషిలా వచ్చి, మీ చుట్టుపక్కల అడుగుతాను. విచారణ సంగతి మీరు ముందుగా ఎవరికైనా చెప్పారంటే దరఖాస్తు రద్దు."

వినయ్ నిశ్చింతగా ఇంటికొచ్చాడు. ఎందుకంటే అతడికి ఉద్యోగం పోయిందని అపార్ట్‌మెంట్ మొత్తానికి తెలుసు. దాచుకునే గుణం అతడికి లేదు. వాచ్‌మన్ భార్య ఎల్లమ్మకు తెలుసు, అందుకే అతడు మెట్ల మీద కనబడినప్పుడల్లా "అయ్యో బిడ్డా" అంటుంది. అసోసియేషన్ అధ్యక్షుడు చైతన్యకు తెలుసు, అందుకే వినయ్ ఎదురుపడితే ఫోను చెవికి పెట్టుకుంటాడు. మూడో అంతస్తు భార్గవి గారికి తెలుసు, అందుకే మధ్యాహ్నం కొరియరు వస్తే "వినయ్ ఖాళీగానే ఉంటాడు, అక్కడ ఇచ్చిపో" అని పంపుతారు. ఇంతమంది సాక్షులుండగా భయమెందుకు? గుడ్డివాడిని అడిగినా చెబుతాడు కదా అనుకుని హాయిగా నిద్రపోయాడు.

అయితే అతడు మరిచిపోయిన సంగతి ఒకటుంది. కిందటి నెలలో అమ్మ శారదమ్మ జమ్మలమడుగు నుంచి డబ్బా నిండా ఓళిగలు, అంటే బొబ్బట్లే, తెచ్చి, గడప గడపకూ పంచి వెళ్లింది. పంచుతూ ప్రతి గడపలోనూ ఒకే మాట చెప్పింది. "మా పిల్లోడు బంగారమమ్మా. యాడన్నా మంచి సంబంధముంటే సూడండి. ఎవురన్నా వచ్చి వాని గురించి అడిగితే, మీ పుణ్యముంటాది, నాలుగు మంచి మాటలు సెప్పండి." ఆ ఓళిగల్లో నెయ్యి మామూలుగా పడలేదు. తిన్నవాళ్లెవరూ ఆ మాట మరిచిపోలేదు.

కాబట్టి ఒక మంగళవారం పొద్దున, నున్నగా తల దువ్వుకుని, చంకలో గొడుగుతో, చూడగానే పెద్దమనిషి అనిపించే ఒకాయన గేటు దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "ఏమ్మా, రెండో అంతస్తులో వినయ్ అనే అబ్బాయి ఉంటాడట. ఎలాంటివాడు? ఉద్యోగం అదీ ఉందా?" అని అడిగితే ఎల్లమ్మ ఏమనుకోవాలి? మీరే చెప్పండి. తెలుగు గడ్డ మీద పెద్దమనిషి గొంతు తగ్గించి కుర్రవాడి ఉద్యోగం గురించి ఎందుకడుగుతాడు?

ఎల్లమ్మ చీపురు పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, కుర్చీ తుడిచి వేసింది. "కూసోండ్రి సారూ. వినయ్ సారా? ఏంది గట్లడుగుతరు? లాఖుల్ల ఒక్కడు. పెద్ద నౌకరీ. పొద్దుగాల పోతడు, చీకటి పడ్డంక వస్తడు. తాగుడు లేదు, తిరుగుడు లేదు. నెత్తి దించుకొని పోతడు, నెత్తి దించుకొని వస్తడు. మీరు జర గూడ ఫికర్ జెయ్యకుండ్రి. పిల్ల సుఖపడ్తది."

పిల్ల అనే మాట విని శ్రీనివాసరావు గారు ఒక్క క్షణం తడబడ్డారు. తాను వచ్చింది పిల్ల గురించి కాదని చెప్పబోయారు. కానీ విచారణ రహస్యం. నిబంధన నిబంధనే. ఎల్లమ్మ ఇచ్చిన చాయ్ తాగి, చెప్పినదంతా రాసుకున్నారు.

చైతన్య తలుపు తీసి, గొడుగును చూసి, లోపలికి రమ్మన్నాడు. మూడు నెలలుగా మెయింటెనెన్సు కట్టమని వినయ్‌ను పీడిస్తున్న చైతన్య, "అసలు మా అపార్ట్‌మెంట్‌కే గర్వకారణం అండి. టీమ్ మొత్తం అతని చేతుల్లోనే ఉంది. మొన్ననే ప్రమోషన్ కూడా వచ్చింది," అన్నాడు. భార్గవి గారు ఊరుకుంటారా? కింది అంతస్తువాడు ప్రమోషన్ ఇస్తే ఆమె పై అంతస్తు. "ఒకటి కాదండీ, రెండు ఉద్యోగాలు. పగలొకటి, రాత్రొకటి. అంత కష్టజీవి. మాకు ఆడపిల్ల లేదు గానీ, ఉంటే మీదాకా రానిచ్చేవాళ్లమా?" అని కంటనీరు కూడా పెట్టుకున్నారు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. ఆ అపార్ట్‌మెంట్‌వారు ఉత్తములు, ఆ లెక్కలో ఒక్కటి కూడా తగ్గనివ్వలేదు.

వారం తిరగకుండా వినయ్‌కు నోటీసు వచ్చింది. స్థానిక విచారణలో అతడికి ఒకటి కాదు, రెండు ఉద్యోగాలున్నట్లు నిర్ధారణ అయినందున దరఖాస్తు తిరస్కరించడమైనది. రెండో ఉద్యోగం మొదటి కంపెనీకి తెలియకుండా చేస్తున్నందుకు ఎందుకు చర్య తీసుకోరాదో కూడా సంజాయిషీ ఇవ్వాలి.

వినయ్ పరుగున కిందికి దిగాడు. ఎల్లమ్మ చేటంత మొహం చేసుకుని, "సంబంధం ఖాయమైందా సారూ?" అంది. జరిగింది విని అతడు మెట్ల మీదే కూలబడ్డాడు.

"నాకు ఉద్యోగం లేదని నీకు తెలుసు కదా ఎల్లమ్మా! ఎందుకట్ల చెప్పినావు?"

"అగో! తెల్వక జెప్పిన్నా? తెలిసే జెప్పిన. తెల్వనోళ్లెవలన్న గంత మంచిగ జెప్తరా?" అని ఎల్లమ్మ నొచ్చుకుంది.

ఇక మిగిలింది అప్పీలు. అప్పీలులో కన్న తల్లిదండ్రుల వాంగ్మూలం చెల్లుతుందని తెలిసి వినయ్ నాన్నకు ఫోను చేశాడు. ఉద్యోగం పోయిన సంగతి అప్పుడే చెప్పాడు. అవతల ఓబులేసు, "దానికి నువ్వేమప్పా జేస్తావు. నేనొచ్చి సెప్తాలే. నా కొడుక్కి ఉద్యోగం ల్యాదని వానికి అర్థమయ్యేట్ల సెప్తా," అని ధైర్యం చెప్పాడు. దుకాణానికి తాళం వేసి, శారదమ్మను వెంటబెట్టుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మాదాపూర్ వచ్చాడు. దారి పొడుగునా "నా కొడుక్కి ఉద్యోగం ల్యాదు సార్" అని మనసులో వల్లె వేసుకుంటూనే ఉన్నాడు.

కేంద్రంలో పరాయి మనుషులు నలుగురున్నారు. శ్రీనివాసరావు గారు కళ్లజోడు సర్దుకుని, నిబంధన ప్రకారం గట్టిగా అడిగారు. "ఏమండీ, మీ అబ్బాయికి ఉద్యోగం లేదటగా?"

ఆ మాట తాను చెప్పడానికి ఓబులేసు సిద్ధపడే వచ్చాడు. ఇంకొకడి నోట వినడానికి మాత్రం రాలేదు. ఆయన మీసం అదిరింది.

"ఎవురప్పా అన్నది? నా కొడుక్కి ఉద్యోగం ల్యాకపోవడమేంది? జమ్మలమడుగులో అడుగుపో! వాడు పదో తరగతిలో మండలానికి ఫస్టు. వాడు ల్యాకపోతే ఆ కంపెనీ ఒక్క పూట నడస్తాదా? నీకు ఎవురు సెప్పినారో వాన్ని నా ముందరికి పిలువు, తేల్చుకుందాం!"

"నాన్నా!" అన్నాడు వినయ్.

"నువ్వుండురా! పెద్దోళ్లు మాట్లాడేటప్పుడు..." అని ఓబులేసు బల్ల గుద్దాడు. శారదమ్మ పక్కనుంచి, "మా పిల్లోని కాడ ఉద్యోగాలు క్యూ కట్టుకోని నిలబడతాయి సార్," అని ఒక చేయి వేసింది.

శ్రీనివాసరావు గారు కలం మూశారు. అప్పీలు కొట్టివేయబడింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి దాకా పోనక్కరలేకుండా కన్నతండ్రే ఆ పని చేసి పెట్టాడు. బయటికొచ్చాక గానీ ఓబులేసుకు తానేం చెప్పాడో తెలియలేదు. తెలిశాక లిఫ్టు దగ్గర తల పట్టుకుని, "నలుగురి ముందర వాడు అట్లా అంటే కడుపు మండిపోయిందిరా," అన్నాడు. తండ్రి కళ్లలో నీళ్లు చూసి వినయ్ ఆయన భుజం మీద చేయి వేశాడు.

సరిగ్గా అప్పుడే శ్రీనివాసరావు గారు గొడుగుతో సహా వెనకాలే వచ్చారు. మొహంలో అధికారి లేడు.

"ఆఫీసు పని అయిపోయిందండి. ఇప్పుడు సొంత మాట ఒకటి. మాకు రసజ్ఞ అని అమ్మాయి ఉంది. ఈ ఊళ్లోనే సాఫ్ట్‌వేరు. ఇరవయ్యేళ్ల సర్వీసులో ఎన్నో విచారణలు చేశాను గానీ, ఇలా అందరూ ఒక్క నోటితో మెచ్చుకున్న కుర్రాడిని చూడలేదండి. మీకు అభ్యంతరం లేకపోతే ఆదివారం మూసాపేటలో మా ఇంటికి రండి."

ఓబులేసు చేతులు తలమీంచి దిగి నమస్కారంలో జోడయ్యాయి. శారదమ్మ అక్కడికక్కడే సంచిలోంచి ఓళిగల డబ్బా తీసింది.

"సార్, నాకు ఉద్యోగం లేదు," అన్నాడు వినయ్.

"అలా అనకూడదు బాబూ. రికార్డు ఉంది," అన్నారు శ్రీనివాసరావు గారు మందలింపుగా.

ఆదివారం మూసాపేటలో పెళ్లిచూపులు సలక్షణంగా జరిగాయి. శ్రీనివాసరావు గారి భార్య రాజరాజేశ్వరి గారు కాజాలు, పూతరేకులు, గారెలు ఒకదాని వెనక ఒకటి తెచ్చి, "అయ్యో, ఏమీ తినడం లేదు, మొహమాటపడకండి," అంటూ ప్లేటు ఖాళీ కానివ్వలేదు. ఓబులేసు పూతరేకును ముందు పైకాగితం అనుకుని ఒలవబోయాడు, తర్వాత ఎవరూ చూడలేదని నిర్ధారించుకుని నోట్లో వేసుకున్నాడు. చివరికి పిల్లలిద్దరినీ మాట్లాడుకోమని బాల్కనీలోకి పంపారు. కింద మెట్రో రైలు గడగడమంటూ పోయింది.

రసజ్ఞ తలుపు దగ్గరగా వేసి, "ఒక్కటే అడుగుతాను. నిజం చెప్పండి. మీకు జాబ్ ఉందా?" అంది.

వినయ్ ఆమె మొహంలోకి చూశాడు. ఆ ప్రశ్న అతడిని అంత సూటిగా, జవాబు కోసం ఎదురుచూస్తూ ఎవరూ అడగలేదు. "లేదండీ. నాలుగు నెలలైంది," అన్నాడు.

"హమ్మయ్య!" అని ఆమె గోడకు చేరబడింది. "నాకూ పోయింది. రోజూ బాక్సు సర్దుకుని, మెట్రో ఎక్కి, ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతున్నాను. నాన్నకు చెప్పలేదు. మీరు వెళ్లిన కేంద్రానికే అప్లై చేద్దామంటే విచారణకు వచ్చేది ఆయనే."

ఇద్దరూ నవ్వారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. కొన్ని నెలలుగా ఇద్దరిలో ఎవరూ అంత హాయిగా నవ్వలేదు. తనను నమ్మిన మొదటి మనిషి ఈ అమ్మాయే అని వినయ్‌కు తోచింది. ఆ పిల్ల నచ్చడానికి అతడికి వేరే కారణం అక్కరలేకపోయింది. ఇక దాపరికం వద్దని ఇద్దరూ హాల్లోకొచ్చి, అందరి ముందూ నిజం చెప్పారు. ముందు వినయ్ చెప్పాడు. అది పాత పాటే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత రసజ్ఞ చెప్పింది.

రాజరాజేశ్వరి గారు పళ్లెం బల్ల మీద పెట్టేసి, కూతురి చేయి పట్టుకుని, "ఎప్పటినుంచే? మాకు చెప్పలేదేమే?" అన్నారు. శ్రీనివాసరావు గారు మాత్రం చలించలేదు.

"తండ్రిగా నీ మాట నమ్ముతానమ్మా. అధికారిగా నమ్మలేను. ఎవరో వచ్చి నోటితో చెప్పిందల్లా నమ్మితే వ్యవస్థ ఏమైపోవాలి? విచారణ జరగాలి," అని లేచి, గొడుగు తీసుకుని, తమ అపార్ట్‌మెంట్‌లోనే పక్క ఫ్లాటు తలుపు కొట్టారు.

ఇరుగుపొరుగు ఆయనకు పదేళ్లుగా తెలిసినవాళ్లే. శ్రీనివాసరావు గారు తమ తలుపు ముందు నిలబడి, "ఏమండీ, శ్రీనివాసరావు గారి అమ్మాయికి ఉద్యోగం ఉందా?" అని అడుగుతుంటే వాళ్లు మొదట కంగారుపడ్డారు. ఆయన ఇంటి ముందు కొత్త చెప్పులు చూశాక విషయం బోధపడింది. మగపెళ్లివారు అడిగితే మేమేం చెబుతామో ముందుగా సరిచూసుకుంటున్నాడు పాపం అనుకున్నారు. "మీ రసజ్ఞేనా అండి! లక్ష్మీదేవి. ఆఫీసులో ఆమె లేకపోతే పని కదలదట," అని ఒకరు, "మేనేజరైందని విన్నాం," అని మరొకరు అప్పజెప్పారు. ఆయన అరగంటలో మొహం వెలిగించుకుని తిరిగొచ్చారు.

"ఉందమ్మా. నీకు ఉద్యోగం ఉంది. అనవసరంగా భయపెట్టావు," అని కూతురి తల నిమిరారు. ఉద్యోగస్తుడైన వరుడికి ఉద్యోగస్తురాలైన వధువును నిశ్చయించారు. మణికొండ అపార్ట్‌మెంట్ మొత్తం బస్సు కట్టించుకుని పెళ్లికి వచ్చింది. ఎల్లమ్మకు పట్టుచీర పెట్టారు. మెయింటెనెన్సు సంగతి చైతన్య పెళ్లిలో ఎత్తలేదు, మర్నాడు ఎత్తాడు.

పెళ్లయ్యాక దంపతులిద్దరూ మూసాపేటలో అత్తగారి ఫ్లాటు పై అంతస్తులో దిగి, శారదమ్మ దగ్గర ఓళిగలు నేర్చుకుని, మాదాపూర్‌లో ఆఫీసుల మధ్య ఒక బండి పెట్టారు. పెనం వేడెక్కడానికి, వ్యాపారం నిలదొక్కుకోవడానికి కొన్నాళ్లు పట్టింది. ఇప్పుడు సాయంత్రం ఐదైతే ట్యాగుల మెడలు బండి చుట్టూ మూగుతాయి. వాటిలో ఎన్ని ట్యాగులు గేటు తెరుస్తాయో, ఎన్ని తెరవవో వినయ్ అడగడు. ప్రభుత్వ రికార్డులో మాత్రం అతడు ఇప్పటికీ రెండు ఉద్యోగాల సాఫ్ట్‌వేరు ఇంజనీరే.

ఇక సాంత్వన కేంద్రం సంగతి. సంవత్సరాంతపు నివేదికలో, వచ్చిన దరఖాస్తులన్నింటినీ క్షుణ్ణంగా విచారించగా ఈ ప్రాంతంలో నిరుద్యోగి ఒక్కడూ లేడని తేలింది. ఇంత గొప్ప విజయం సాధించిన విచారణాధికారికి సన్మానం చేయకపోతే ఎలా? సభ పెట్టారు. మాన్య అధ్యక్షులవారు శాలువా కప్పుతూ, "నిరుద్యోగాన్ని ఒంటి చేత్తో, ఒక గొడుగుతో రూపుమాపిన మహనీయుడు!" అన్నారు. శాలువా మడతలో ఒక ఉత్తరం కూడా ఉంది. నిరుద్యోగులు లేనిచోట కేంద్రం అనవసరం గనుక దాన్ని మూసివేయడమైనది. శ్రీనివాసరావు గారి రెక్కలకు ఈ క్షణం నుంచీ ఆకాశాన్ని కానుకగా ఇవ్వడమైనది.

ఆయన ఇంట్లో చెప్పలేదు. మర్నాడు కూడా తల దువ్వుకుని, క్యారియరు పట్టుకుని, గొడుగు చంకన పెట్టుకుని మూసాపేట స్టేషన్లో మెట్రో ఎక్కారు. మాదాపూర్‌లో దిగి, అల్లుడి బండి వెనక ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నారు. గొడుగు పక్కన పెట్టి, "బాబూ, ఆ ఉత్తరం నువ్వు తెచ్చిన రోజు నేను సరిగ్గా చదవలేదు," అన్నారు. వినయ్ వేడి ఓళిగ ఒకటి ఆకులో పెట్టి ఇచ్చాడు. ఆయన తలొంచుకుని తిన్నారు. ఈ గుట్టు రసజ్ఞకు తప్ప, ఆమె చెల్లెలు యశస్వినికీ, వాళ్ల అమ్మకూ తెలియకూడదని మామా అల్లుళ్ల మధ్య ఒప్పందం కుదిరింది.

ప్రభుత్వం ఎవరికీ అన్యాయం చేయదు. మూతపడిన సహాయ కేంద్రాల సిబ్బందిని ఆదుకోవడానికి ఇంకో సహాయ కేంద్రం తెరిచింది. బోర్డు లేకపోయినా శ్రీనివాసరావు గారు మొదటి రోజే పట్టుకున్నారు, అనుభవం ఎక్కడికి పోతుంది? దరఖాస్తు పెట్టి వచ్చి, అల్లుడితో ఒక్క మాట కూడా చెప్పలేదు. విచారణ రహస్యం. నిబంధన నిబంధనే.

పది రోజుల తర్వాత ఒక సాయంత్రం, తల నున్నగా దువ్వుకున్న సన్నపాటి పెద్దమనిషి ఒకాయన బండి దగ్గర ఆగాడు. చంకలో గొడుగు. ఓళిగ తిని, చేయి తుడుచుకుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"మూసాపేటలో శ్రీనివాసరావు గారని ఉన్నారట. మీ దగ్గరికి వస్తుంటారని విన్నాను. ఎలాంటి మనిషండి? ఉద్యోగం ఏమైనా చేస్తున్నారా?"

వినయ్‌కు వెంటనే అర్థమైంది. అర్థం కాకపోవడానికి అతడు నిన్న పుట్టలేదు. గొడుగు, దువ్విన తల, తగ్గిన గొంతు. ఇది విచారణే, మామగారు ఎక్కడో దరఖాస్తు పెట్టే ఉంటారు. మామగారి భృతి ఇప్పుడు తన నాలుక మీద ఉంది. "లేదండీ, పోయింది" అనే రెండు మాటలు చాలు. వాటి కోసం తాను ఎంత ఏడ్చాడో అతడికి గుర్తుంది. నోరు తెరిచాడు.

తెరిచాక ఒక్క అనుమానం వచ్చింది. మరదలు యశస్వినికి సంబంధాలు చూస్తున్నారు. ఈయన ఒకవేళ మగపెళ్లివారి తరపు మనిషైతే? పిల్ల తండ్రికి ఉద్యోగం లేదని తన నోటితో తాను చెబితే? విచారణ కావచ్చు. కాకపోవచ్చు. గొడుగు అందరి దగ్గరా ఉంటుంది.

"మా మామగారా అండీ?" అన్నాడు వినయ్. తన గొంతు తనకే చైతన్య గొంతులా వినిపించింది. "పెద్ద ఆఫీసరండీ. ఆయన సంతకం లేకపోతే ఫైలు కదలదు. ఊపిరి తీసుకోవడానికి తీరిక ఉండదు పాపం. ఇంకో ఓళిగ తినండి."

పెద్దమనిషి తృప్తిగా తలూపి, జేబులోంచి కలం తీశాడు. బండి వెనక స్టూలు మీద శ్రీనివాసరావు గారు కళ్లు మూసుకున్నారు.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి, తప్పు లేదు. కానీ మొన్నామధ్య మీ వీధి మలుపులో ఒకాయన మిమ్మల్ని ఆపి, మీ పక్కింటివాళ్ల గురించి గొంతు తగ్గించి అడిగాడు కదా. అప్పుడు మీరు ఏం చెప్పారో జ్ఞాపకముందా? మీకు లేకపోయినా ఫరవాలేదు. పక్కింటివాళ్లకు నోటీసు వచ్చేసింది.